దాదీ నడకలో పుదుచ్చేరి

సంక్రాంతి సెలవులకు పుదుచ్చేరి వెళ్ళిరావాలని మేము నిర్ణయించుకున్న నాటికి మా ఇంట్లో దాదీకీ మనవరాలికీ మధ్య మాటలు తగ్గి వారం దాటింది.

కారణం చిన్నదే. తొమ్మిదో తరగతి చదువుతున్న మా పెద్దమ్మాయి దైవప్రవక్త (స) జీవితం గురించి తెలుగులో ఒక వ్యాసం రాసి బడిలో బహుమతి తెచ్చుకుంది. సంతోషంగా ఆ కాగితాన్ని దాదీ చేతిలో పెట్టింది. దాదీకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. “దీన్నే ఉర్దూలో రాసివ్వు బేటీ, కూర్చుని చదువుకుంటాను” అన్నారు. మా అమ్మాయికి ఉర్దూ మాట్లాడటం వచ్చు, రాయటం రాదు. చదివి వినిపిస్తానంటే దాదీ ఒప్పుకోలేదు. “నా పెట్టె నిండా పుస్తకాలున్నాయి. నా తర్వాత వాటిని చెదలు తప్ప ఎవరు చదువుతారు?” అన్నారు. బహుమతి తెచ్చిన బిడ్డ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తప్పు వారిద్దరిదీ కాదు, మాది. పిల్లలకు లెక్కలకూ ఇంగ్లీషుకూ ట్యూషన్లు పెట్టించాం. ఖుర్‌ఆన్ పారాయణం నేర్పించాం. ఉర్దూ దగ్గరికి వచ్చేసరికి వచ్చే ఏడాది చూద్దామంటూ ఏళ్ళు గడిపేశాం. పల్నాడులో ఇటువంటి ఇల్లు మాది ఒక్కటే కాదని మాకు తెలుసు. ఈ పత్రికను తెలుగులో చదువుకుంటున్న కుటుంబాలకు ఈ కథ ఎంతో కొంత పరిచయమే.

ఒకే ఇంట్లో ఎవరికి వారుగా కూర్చునే బదులు నాలుగు రోజులు కలిసి నడిస్తే మేలనిపించింది. అప్పు చేయకుండా వెళ్ళగలగాలి. కారు మాట్లాడుకోకుండా కాలినడకన చూడగలిగిన ఊరు కావాలి. దాదీ మోకాళ్ళు మెట్లకు ఒప్పుకోవు గనుక ఎత్తుపల్లాలు ఉండకూడదు. ఈ లెక్కలన్నిటికీ పుదుచ్చేరి సరిపోయింది.

ఫరాసుల జాడలు

ఫ్రెంచివారి ఊరు చూడటానికి తమిళదేశం దాకా పోవాలా అని బంధువులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. గోదావరి ఒడ్డున ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న తెలుగు ఊరు. గోల్కొండ సుల్తాను ఫర్మానాతో 1669లో ఫ్రెంచివారు మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. వారి పేరు అక్కడి పరాసుపేటలో నేటికీ మిగిలి ఉంది. మన పెద్దలు ఫ్రెంచివారిని పరాసులు, ఫరాసులు అనే పిలిచారు.

అంతకన్నా దగ్గరి జాడ మన కొండవీడు. చిలకలూరిపేట వాళ్ళం ఏ పనికి గుంటూరు వెళ్ళినా ఆ కొండల వరుసను చూస్తూనే వెళతాం. ఆ కోటలో ఉన్న తమ కేంద్రాన్ని ఫ్రెంచివారు 1752లో గుంటూరుకు మార్చారు. ఆ మరుసటి ఏడాది నిజాం సలాబత్ జంగ్ తన కొలువులోని ఫ్రెంచి సేనాని బుస్సీకి, సైన్యం జీతాల కింద ఉత్తర సర్కారుల ఆదాయాన్ని రాసిచ్చాడు. కూలి చెల్లించలేనివాడు భూమి చెల్లించాడన్నమాట. ఆ వైభవమూ నిలవలేదు. 1759లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువారికి చిక్కటంతో సర్కారులలో ఫరాసుల పెత్తనం ముగిసింది.

ఇంత చెప్పినా పిల్లలు పాఠ్యపుస్తకంలో చదివిన డూప్లే రాజధానినే చూస్తామన్నారు. పేటకు రైలు లేదు గనుక బస్సులో చీరాల చేరి రాత్రి రైలెక్కాం. తెల్లవారాక చెన్నైలో దిగి, సముద్రం వెంట సాగే రహదారిలో బస్సు పట్టుకున్నాం. చెన్నై నుంచి పుదుచ్చేరి సుమారు 150 కిలోమీటర్లు. దారిలో మరక్కాణం దగ్గర ఉప్పు మడులు తెల్లగా మెరుస్తుంటే, చినగంజాం వచ్చేసిందా అని దాదీ అడిగారు. ఇంటి నుంచి బయలుదేరాక ఆమె నవ్వటం అదే మొదలు.

నీలి పలకల వీధులు

మొదటి సాయంత్రమే ఒక ఒప్పందానికి వచ్చాం. దాదీ ఎంత వేగంగా నడిస్తే అందరమూ అంతే వేగంగా నడవాలి. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ ఆగాలి. మా చిన్నవాడికి ఇది శిక్షలా తోచింది. రెండో రోజుకు వాడే ముందుగా ఆగటం మొదలుపెట్టాడు. నడుస్తూ పోయేవాడికి గోడ కనిపిస్తుంది. ఆగినవాడికి గోడ మీది రాత కనిపిస్తుంది.

పాత పట్నం చదరంగపు బల్ల వంటిది. వీధులు తిన్నగా సాగి, ఒకదాన్నొకటి సూటిగా కోసుకుంటాయి. 1693లో డచ్చివారు ఈ ఊరిని పట్టుకుని, సంధి కుదిరాక 1699లో తిరిగి అప్పగించారు. ఆ కొద్దికాలంలో వారు గీయించిన పటమే ఈ గళ్ళ వీధులకు మూలమని చెబుతారు. మలుపు మలుపునా గోడలకు నీలి రంగు పలకలు, వాటి మీద తెల్లని అక్షరాలు. ఒక వరుస ఫ్రెంచి, ఒక వరుస తమిళం. రోమా రోలాఁ వీధి, డ్యూమా వీధి, సుఫ్రేన్ వీధి. ఒక వీధికి బుస్సీ పేరే ఉంది. ఇప్పుడది లాల్ బహదూర్ శాస్త్రి వీధి అయినా జనం నోట బుస్సీ వీధే. మన సర్కారులను జీతం కింద పుచ్చుకున్న ఆ సేనాని 1785లో ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు.

దాదీ ఒక పలక కింద ఆగి చాలాసేపు చూశారు. “ఈ ఊళ్ళో అక్షరం రానిదాన్ని నేనేనా?” అన్నారు. మాకెవ్వరికీ ఫ్రెంచి రాదు, తమిళ లిపి రాదు. ఆ పలక ముందు అందరమూ సమానమేనని చెప్పాం. మా అమ్మాయి దారిన పోయే ఒకాయనను అడిగి తమిళ వరుసలోని చివరి మాట ‘వీది’ అని తెలుసుకుని వచ్చింది. “దాదీ, అక్షరమే కొత్తది. మాట మనదే” అంది. దాదీ బదులు చెప్పలేదు గాని, తరువాతి పలక దగ్గర ఆమే వేలు చూపి ‘వీది’ అన్నారు.

ఈ పట్నం పుట్టుకలో మన చరిత్ర కూడా కలిసి ఉంది. 1673లో ఇక్కడ ఫ్రెంచివారికి నిలవటానికి చోటిచ్చినవాడు షేర్ ఖాన్ లోడీ. అతడు బీజాపూరు సుల్తాను తరఫున వలికొండపురం నుంచి ఈ ప్రాంతాన్ని పాలించిన అధికారి. సముద్రపు వర్తకం కావాలని అతడు పిలిచిన అతిథులు, ఫ్రాన్స్వా మార్టిన్ నాయకత్వంలో కోటా పేటా కట్టుకుని ఇంటివారయ్యారు. మరో వందేళ్ళు నిండకముందే, 1761లో ఇంగ్లీషువారు ఊరిని ముట్టడించి పట్టుకుని, కోటనూ తెల్లవారి భవనాలనూ నేలమట్టం చేశారు. నేడు మనం చూసి మురిసిపోయే పసుపు గోడలు, తెల్లని స్తంభాలు, ఎత్తయిన కిటికీలు 1765 తరువాత మళ్ళీ కట్టుకున్న ఊరివి. భూమి మీద సంచరించి, మునుపటివారి పర్యవసానం ఏమయిందో చూడమని ఖుర్‌ఆన్ మనకు ఎందుకు బోధిస్తుందో ఇటువంటి చోట నిలబడితే అర్థమవుతుంది.

కాలువకు ఇవతల, అవతల

ఊరి నడుమ ఒక పెద్ద కాలువ ఉంది. సముద్రం వైపు ఉన్న భాగాన్ని తెల్లవారి పట్నమని, ఇవతలి భాగాన్ని నల్లవారి పట్నమని ఫ్రెంచివారు పిలిచేవారు. కాలువ మీది చిన్న వంతెన దాటితే చాలు, ఇళ్ళ తీరే మారిపోతుంది. అవతల ఇళ్ళు వీధికి వీపు పెట్టుకుని ఉంటాయి. ఎత్తయిన ప్రహరీ, పెద్ద తలుపు, లోపల చెట్లు, ముంగిలి. గోడ మీదుగా కాగితపు పూలతీగ ఒక్కటే బయటకు తొంగిచూస్తుంది. ఇవతల తమిళ ఇళ్ళు వీధికి ముఖం పెట్టుకుని ఉంటాయి. వాకిలికి అటూ ఇటూ అరుగులు, వాటిపైన చూరు. ఎండకు అలసిన బాటసారి ఎవరినీ అడగకుండా కూర్చోవచ్చు. ఆ అరుగులను వారు తిణ్ణై అంటారు. దాదీ మోకాళ్ళకు కాలువకు ఇవతలి ఊరే నచ్చింది.

వంతెన మీద చిన్నవాడు అడిగాడు: “తెల్లవాళ్ళకు ఒక ఊరు, నల్లవాళ్ళకు ఒక ఊరు ఎందుకు?” దైవప్రవక్త (స) చివరి హజ్ ప్రసంగంలో తెలుపు నలుపుల ఆధిక్యాన్ని కొట్టివేసిన సంగతి వాడికి ఇంట్లో చెప్పిందే. మక్కా విజయం నాడు కాబా పైకెక్కి అజాన్ ఇచ్చిన బిలాల్ (రజి) కథా తెలిసిందే. కాని ఆ మాటల బరువు పిల్లవాడికి ఆ వంతెన మీదే తెలిసిందనుకుంటాం.

తెల్లవారి పట్నం నడుమ భారతి పార్కులో తెల్లని మండపం ఒకటి ఉంది. దాని పేరు ఆయి మండపం. దాని వెనుక ఒక కథ చెబుతారు. ఒక రాజు ఈ దారిన వెళుతూ దీపాలతో వెలుగుతున్న ఇంటిని గుడి అనుకుని మొక్కాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి అవమానంతో కూల్చమన్నాడట. ఆమె తన ఇంటిని తానే కూల్పించి, ఆ చోట ఊరికి చెరువు తవ్వించిందట. చాలాకాలం తరువాత మూడో నెపోలియన్ హయాంలో ముత్తిరపాళయం నుంచి పట్నానికి మంచినీరు తెచ్చినప్పుడు, ఈ మండపాన్ని ఆమె పేరిట నిలిపారు. కథలో నిజమెంతో అల్లాహ్‌కే తెలుసు. దాహంతో నాలుక చాపిన కుక్కకు నీళ్ళు తోడిపోసిన పతితను అల్లాహ్ క్షమించాడన్న హదీసును మాత్రం దాదీ అక్కడి బల్ల మీద కూర్చుని పిల్లలకు ఉర్దూలో చెప్పారు. పక్క బల్ల మీది తమిళ కుటుంబం, ఏమీ అర్థం కాకపోయినా, ఆమె చేతులు నీళ్ళు తోడే తీరు చూస్తూ ఉండిపోయింది.

కాజీ వీధిలో అసర్

రెండో నాటి మధ్యాహ్నం దక్షిణ దిక్కున ఉన్న ముస్లిం వాడలోకి వచ్చాం. అక్కడి వీధుల పేర్లే ఎటువంటి వాడో చెబుతాయి: కాజీ వీధి, ముల్లా వీధి. కుత్బా మస్జిద్ ఆ వాడలోనే ఉంది. తమిళ ముస్లింలు మస్జిద్‌ను పళ్ళివాసల్ అంటారు. బడిని పళ్ళికూడం అంటారు. వాసల్ అంటే మన వాకిలి. చదువుకూ నమాజుకూ ఒకే మాట పెట్టుకున్నవారన్నమాట అని మురిసిపోయాం.

మేము అనుకున్నదానికన్నా చాలా ముందుగా అసర్ అజాన్ వినిపించింది. ఈ తీరంలో షాఫయీ పద్ధతి పాటించేవారు ఎక్కువ. వస్తువు నీడ దానంత పొడవు పెరిగితే వారికి అసర్ వేళ; మన హనఫీలకు అది రెండంతలు కావాలి. లోపల వరుసలో మా పక్కన నిలబడినవారు రుకూకు వెళుతూ, లేస్తూ చేతులెత్తుతుంటే చిన్నవాడు ఓరగా చూశాడు. ప్రయాణికులమైనా స్థానిక ఇమాము వెనుక నాలుగు రకాతులూ పూర్తిగా చదివాం. సలాం తిప్పిన తరువాత వాడు చెవిలో అడిగాడు: “వాళ్ళది వేరే నమాజా?” వేరు కాదు, ఒకటేనని, నేర్పిన ఇమాముల పద్ధతుల్లో తేడా అని చెప్పాం. ఒకే వరుసలో భుజాలు తగిలేలా నిలబడ్డాం గనుక ఆ జవాబును వాడు నమ్మాడు.

మస్జిద్ మెట్ల దగ్గర ఒక పెద్దాయన మా ఊరి పేరు అడిగారు. చిలకలూరిపేట అనగానే ఆయన ముఖం వెలిగింది. చేతులు ముందుకు చాచి, వేళ్ళు ఆడిస్తూ, నాదస్వరం ఊదుతున్నట్లు అభినయించారు. కరవది గ్రామంలో పుట్టి, మా పేటలో ఆదం సాహెబ్ గారి వద్ద నేర్చుకుని, తమిళదేశం వచ్చి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా గారిని ఆయన ఎరుగుదురు. మా ఊరివారికి తెలిసినదానికన్నా మా ఊరి సంగతి ఆయనకే ఎక్కువ తెలుసేమోననిపించింది. ఒకరి భాష ఒకరికి రాకుండానే పావుగంట మాట్లాడుకున్నాం.

అరుగు మీద చదివిన పుస్తకం

మగవాళ్ళం మస్జిద్‌లో ఉన్నంతసేపు దాదీ, అమ్మాయి తదితరులు దగ్గరలోని ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నారు. ఆ ఇంటి పెద్దావిడ తలుపు తీసి, బురఖాల్లో ఉన్న కొత్తవారిని చూసి సలాం చెప్పి లోపలికి పిలిచారు. దాదీ ఉర్దూలో పలకరించారు. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. “ముసల్మానులై ఉండి ఉర్దూ రాదా!” అని దాదీ నివ్వెరపోయారు. ఆ ఆశ్చర్యాన్ని తెలుగులోకి గాని ఇంగ్లీషులోకి గాని మార్చకుండా మా అమ్మాయి తెలివిగా ఊరుకుంది.

ఇంగ్లీషు తెలిసిన కోడలు ఇరువైపులా మాటలు అందించింది. ఆవిడ మామగారు ఫ్రెంచి కాలంలో సైగాన్ వెళ్ళి బట్టల వ్యాపారం చేశారట. ఈ తీరపు ముస్లింలు అప్పట్లో చాలామంది అటే వెళ్ళేవారు. సైగాన్‌లో 1935లో కట్టిన పెద్ద మస్జిద్ దక్షిణ భారత ముస్లింలు నిలిపినదే. 1962 ఆగస్టు 16న పుదుచ్చేరి చట్టప్రకారం భారతదేశంలో కలిసినప్పుడు, కోరుకున్నవారు ఫ్రెంచి పౌరులుగా ఉండిపోవటానికి ఆరు నెలల గడువు ఇచ్చారు. ఆవిడ మరిది అటు మొగ్గి పారిస్ చేరారు. ఆ తరువాత ఆవిడ కొడుకు ఒకరూ అక్కడికే వెళ్ళారు. “మనవలు ఫోనులో ఫ్రెంచిలోనే మాట్లాడతారు. సలాం చెబుతారు, నేనూ చెబుతాను. తరువాత ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియదు” అన్నారట. దాదీ ఆ మాట విని తల దించుకున్నారు. ఆ బాధను ఆమెకు ఎవరూ తర్జుమా చేయనక్కరలేకపోయింది.

మేము మస్జిద్ నుంచి వచ్చేసరికి ఆ పెద్దావిడ ఒక పాత పుస్తకం తెచ్చి దాదీ ఒడిలో పెట్టారు. దాదీ తెరిచి చూసి ఉలిక్కిపడ్డారు. అది అరబీ లిపి. జేర్ జబర్‌లన్నీ ఉన్నాయి. కొన్ని అక్షరాలకు మాత్రం కొత్త గుర్తులున్నాయి. ఊళ్ళోకి వచ్చాక ఆమె చదవగలిగిన మొదటి రాత అది. గొంతు సవరించుకుని చదవటం మొదలుపెట్టారు. ఒక వరుస అయింది, రెండు వరుసలయ్యాయి. అది అరబీ కాదు, ఉర్దూ కాదు. ఆమె చదువుతున్నారు, ఆమెకే అర్థం కావటం లేదు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ మాత్రం తల ఊపుతూ వింటున్నారు. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

అది అర్వీ. తమిళాన్ని అరబీ లిపిలో రాసే పద్ధతి. ఈ తీరపు ముస్లింలు శతాబ్దాలుగా ధార్మిక గ్రంథాలను ఆ లిపిలో రాసుకున్నారు. ఇప్పటి పిల్లలకు ఆ లిపి అలవాటు లేదు. పెద్దావిడకు చూపు మందగించి చాలా ఏళ్ళయింది. ఇంట్లో చదివి వినిపించేవారు లేరు. ఆ రోజు భాష తెలియని ఒక తెలుగునేల ముసలమ్మ చదువుతుంటే, చూపులేని తమిళ ముసలమ్మకు తన పుస్తకం మళ్ళీ వినిపించింది.

దాదీ చదువుతూ ‘ముగం’ అన్నారు. తరువాత ‘కై’ అన్నారు. ‘తలై’ అన్నారు. ‘కాల్’ అన్నారు. మా అమ్మాయి చప్పున లేచింది. “దాదీ! ముఖం, చెయ్యి, తల, కాలు. ఇది ఉజూ!” అంది. కోడలు చప్పట్లు కొట్టింది. అవును, ఉజూలో తప్పనిసరిగా చేయవలసిన నాలుగూ ఆ వరుసలోనే ఉన్నాయి. లిపి దాదీది, అర్థం ఆ పెద్దావిడది, వాటి మధ్య వంతెన మా అమ్మాయి తెలుగు. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ పుట మాకు తెరుచుకునేది కాదు.

మాగ్రిబ్ వేళ దగ్గర పడే వరకు ఆ ఇద్దరు పెద్దవాళ్ళూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. వస్తూ వస్తూ ఒకరి కోసం ఒకరు దుఆ చేసుకున్నారు. ఒకరు తమిళంలో, ఒకరు ఉర్దూలో. ఆమీన్ మాత్రం ఇద్దరిదీ ఒకటే.

రెండు భాషల మనిషి

మరునాడు రంగపిళ్ళై వీధిలో ఆనందరంగ పిళ్ళై నివాసం బయట నుంచి చూశాం. ఆయన 1709 నుంచి 1761 వరకు జీవించారు. డూప్లే గవర్నరుగా ఉన్న కాలంలో ఫ్రెంచివారికీ దేశీయులకూ నడుమ దుబాసీగా పనిచేశారు. రెండు భాషల మనిషి గనుక దుబాసీ. 1736 నుంచి చనిపోయే వరకు ఆయన తమిళంలో రాసుకున్న దినచర్య, ఆ కాలపు పుదుచ్చేరిని తెలుసుకోవటానికి చరిత్రకారులకు నేటికీ పెద్ద ఆధారం. ఆయన తెలుగు కవులనూ పోషించారు. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథానికి ఆయన పేరే పెట్టి, ఆనందరంగరాట్ఛందమన్నారు. తమిళ పట్నంలో, ఫ్రెంచి కొలువులో, తెలుగు గ్రంథం పుట్టిందన్నమాట.

అంతకన్నా మమ్మల్ని ఆకర్షించింది ఆ ఉద్యోగమే. దుబాసీ నోరు మెదపకపోతే గవర్నరూ మూగవాడే, వర్తకుడూ మూగవాడే. మన ఇళ్ళల్లో ఇప్పుడు కావలసినది అటువంటి మనిషేనేమో. మన తెలుగునేల మీద ఆ పని చేసినవారు లేకపోలేదు. స్వాతంత్ర్యానికి ముందే చిలుకూరి నారాయణరావు గారు ఖుర్‌ఆన్‌ను తెలుగులోకి తెచ్చారు. పరాయి మతస్థుడైన ఒక పండితుడు మన గ్రంథం కోసం చేసిన శ్రమను, మన ఇంటి పెట్టెలోని పుస్తకాల కోసం మనం చేయలేకపోయామన్న సిగ్గు కలిగింది.

ఆ రాత్రి ఇషా తరువాత దాదీ తామే అడిగారు: “బేటీ, నీ వ్యాసం నోటికి వచ్చా? చెప్పు, వింటాను.” అమ్మాయి తెలుగులో చెప్పుకుంటూ పోయింది. దాదీ కళ్ళు మూసుకుని విన్నారు. అంతా అయ్యాక, “జైద్ బిన్ సాబిత్ (రజి) సంగతి రాయలేదేం?” అన్నారు. యూదుల నుంచి వచ్చే ఉత్తరాలు చదవటానికి వారి లిపిని నేర్చుకోమని దైవప్రవక్త (స) ఆ యువకుణ్ణి ఆదేశించటం, ఆయన కొద్ది రోజుల్లోనే నేర్చుకోవటం మా అమ్మాయికి తెలియదు. “ఇది ఎక్కడుంది దాదీ?” అని అడిగింది. “నా పెట్టెలో” అన్నారు దాదీ.

ఫజర్ తరువాత సముద్రం

పుదుచ్చేరి వెళ్ళేవారికి మేము ఇచ్చే సలహా ఒక్కటే: ఫజర్ నమాజు కాగానే సముద్రపు ఒడ్డుకు వెళ్ళండి. తీరం వెంట సాగే గూబేర్ వీధిలో సాయంత్రం 6 నుంచి మరునాటి ఉదయం 7.30 వరకు వాహనాలను రానివ్వరు. ఆ వేళ దారంతా నడిచేవారిదే. ఒకవైపు నల్లని బండరాళ్ళు, వాటిని తాకే అలలు, ఎత్తయిన రాతిస్తంభాల నడుమ గాంధీజీ విగ్రహం; మరోవైపు 1836లో వెలిగించిన పాత దీపస్తంభం, మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణాలిచ్చిన సైనికుల స్మారకం. 1980లలో రేవు కట్టాక అలల దారి మారి ఇక్కడి ఇసుక తరిగిపోయింది; కోతను ఆపటానికే ఈ బండలు. మనిషి ఒకచోట సముద్రాన్ని అడ్డుకుంటే అది మరోచోట తన లెక్క సరిచూసుకుంటుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ ఊళ్ళో మద్యం దుకాణాలు ఎక్కువ. ఫ్రెంచి తరహా ఫలహారశాలల్లో ఏ పదార్థంలో ఏమి కలుపుతారో అడిగి తినటం మంచిది. ముస్లిం వాడలో ఆ చింత లేదు. ఇడియాప్పం, చేపల పులుసు మాకు కడుపు నిండా దొరికాయి.

చివరి ఉదయం సూర్యుడు నీళ్ళలో నుంచి లేస్తుంటే దాదీ, మనవరాలు మాకన్నా ముందు నడిచారు. దాదీ వేలితో గాలిలో ఏదో గీస్తున్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే అలిఫ్, బే. అమ్మాయి ఆ అక్షరాలు నాకు ఖుర్‌ఆన్‌లో వచ్చులే అంటోంది. అయితే ఉర్దూకు ఇంకొన్ని అక్షరాలే ఎక్కువ, టే, డాల్, గాఫ్ అంటున్నారు దాదీ. ఇన్నేళ్ళూ మేము కొండంత అనుకున్న పని, నిజానికి గుప్పెడు అక్షరాలది.

పెట్టె తెరిచాక

పేటకు తిరిగివచ్చి రెండు నెలలు దాటింది. దాదీ పెట్టె ఇప్పుడు మంచం కింద లేదు, నడవలో కిటికీ పక్కకు వచ్చింది. మగ్రిబ్ తరువాత దాదీ ఉర్దూ పుస్తకంలో ఒక పేరా చదువుతారు. అమ్మాయి దాన్ని తెలుగులో నోటుపుస్తకంలోకి ఎక్కిస్తుంది. మొదటి పుటకు నాలుగు రోజులు పట్టింది. పరీక్షల వారంలో పని ఆగిపోయింది. ఒక మాటకు తెలుగు దొరక్క ఇద్దరూ వాదించుకుని, ఆ చోటు ఖాళీగా వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి. ఇప్పటికి పదకొండు పుటలు పూర్తయ్యాయి. పన్నెండో పుటలో జైద్ బిన్ సాబిత్ (రజి) ఉన్నారని దాదీ చెప్పారు.

వేసవి ఎండలు ముదరకముందే ఒక ఆదివారం కొండవీడు వెళ్ళాలనుకుంటున్నాం. ఇన్నేళ్ళుగా బస్సు కిటికీలో నుంచి చూడటమే గాని, దాని నీడన ఒక్కసారీ నెమ్మదిగా నడవలేదు. దాదీ కొండ ఎక్కలేరు. కింద చెట్టు నీడన ఆమెతోనే కూర్చుంటాం. ఇన్‌షా అల్లాహ్, ఆ వేళకు నోటుపుస్తకం కూడా మా వెంట ఉంటుంది.